సర్పంచ్ కుర్చీలో ఎవరు కూర్చుంటున్నారో అది కూడా రాయండి

ఎడిటర్ గారికి నమస్కారమండి,

మొన్నామధ్య ఆదివారం మీ పేపర్లో దేశాలు ఏలిన ఆడవాళ్ళ మీద పేజీ నిండా వేశారు. 1960లో సిలోన్ (ఇప్పటి శ్రీలంక) ప్రధాని అయిన సిరిమావో బండారనాయకే దగ్గర మొదలుపెట్టి 2025 అక్టోబర్లో జపాన్‌కి మొదటి మహిళా ప్రధాని అయిన సనాయె తకాయిచి దాకా ఫోటోలు వరసగా పెట్టారు. మాది రాజోలు వైపు చిన్న టైలరింగ్ షాపండి, జాకెట్లు కుట్టించుకోడానికి వచ్చిన ఇంటర్ పిల్లలు ఇద్దరు ఆ పేజీ అడిగి మరీ పట్టుకెళ్ళారు, నాకు చాలా సంతోషం వేసింది. కానీ అదే రోజు జిల్లా పేజీలో ఒక ఊళ్ళో సీసీ రోడ్డు శంకుస్థాపన ఫోటో వేశారు. కొబ్బరికాయ కొడుతున్నది సర్పంచ్ గారి భర్త, చుట్టూ అంతా మగాళ్ళే, సర్పంచ్ గారు అసలు ఫోటోలోనే లేరు, కింద వార్తలో మాత్రం ఆవిడే పనులు ప్రారంభించారని ఆవిడ పేరు రాశారు. ఆ రెండు పేజీలూ పక్కపక్కన పెట్టుకు చూశాక ఈ ఉత్తరం రాయకుండా ఉండలేకపోయాను.

నేను చెప్పేది ఒకటేనండి. ఢిల్లీలో కుర్చీ మీద ఆడమనిషి కూర్చోవాలంటే ముందు ఊళ్ళో పంచాయతీ ఆఫీసులో కూర్చోవాలి. ఇక్కడ ఆవిడ కుర్చీలో మొగుడు కూర్చుంటున్నాడు, పేపర్లు దాన్ని మామూలు విషయం లాగే అచ్చేస్తున్నాయి, ఇక పైకి ఎక్కేదెవరు?

మన చుట్టుపక్కల దేశాల్లో పైకి వచ్చిన ఆడవాళ్ళని చూడండి, సిరిమావో గారి భర్త ప్రధానిగా ఉండగా 1959లో కాల్చి చంపేశారు, తర్వాతి ఏడాది ఆవిడ వచ్చారు. పాకిస్తాన్‌లో బేనజీర్ భుట్టో తండ్రిని ఉరితీశారు, బంగ్లాదేశ్‌లో ఖలీదా జియా భర్తని చంపేశారు, షేక్ హసీనా తండ్రిని 1975లో ఇంటిల్లిపాదితో పాటు చంపేశారు, ఇందిరా గాంధీ నెహ్రూ గారి కూతురు. అందరూ అంటారు, వీళ్ళంతా ఇంటిపేరు వల్ల వచ్చినవాళ్ళే కదా అని. నిజమే, నేను కాదనను. కానీ అలా ఎందుకైందో కూడా చూడాలి కదండీ. మన వైపు దేశాల్లో ఇంట్లో మగాడు బతికున్నంత కాలం ఆడదానికి కుర్చీ రాదు, ఆయన పోతేనే వస్తుంది, వచ్చాక కూడా ఈవిడ ఏం చెయ్యగలదు వెనకాల మేముండి నడిపిద్దాం అనుకుంటారు. 1966లో ఇందిరా గాంధీని ప్రధానిని చేసిన పెద్ద నాయకులు కూడా అలాగే అనుకున్నారు, ఆవిడ మన మాట వింటుందని. నాలుగేళ్ళు తిరక్కుండానే 1969లో పార్టీ రెండు ముక్కలైంది, 1971 ఎన్నికల్లో జనం ఆవిడ వైపే ఉన్నారు. 1980లో మన తెలుగువాళ్ళే మెదక్ నుంచి గెలిపించారు, చనిపోయేనాటికి ఆవిడ మెదక్ ఎంపీయే. మా అత్తగారికి అక్షరం ముక్క రాదు గానీ ఇందిరమ్మ అంటే మాత్రం చెయ్యెత్తి దణ్ణం పెట్టేది.

అలాగని ఆడవాళ్ళు వస్తే అంతా మంచే జరుగుతుందని నేను అనట్లేదు. 1975లో ఎమర్జెన్సీ పెట్టిందీ ఆవిడే, ఎంతమందిని జైళ్ళలో వేశారో పెద్దవాళ్ళకి తెలుసు. షేక్ హసీనా అన్నేళ్ళు ఏలి 2024 ఆగస్టులో విద్యార్థులు తిరగబడితే దేశం వదిలి రావాల్సొచ్చింది. బ్రిటన్‌లో థాచర్ పదకొండేళ్ళు ప్రధానిగా ఉండి కూడా తన కేబినెట్లోకి తీసుకున్న ఆడమనిషి ఒక్కరే. నాకు బాధనిపించేది ఏంటంటే, మగ ప్రధాని తప్పు చేస్తే ఫలానా ఆయన తప్పు చేశాడంటాం, ఆడ ప్రధాని తప్పు చేస్తే చూశారా ఆడపెత్తనం అంటాం. మా షాపు ముందు అరుగు మీద కూర్చునే పెద్దమనుషుల నోట ఈ మాట చిన్నప్పటి నుంచీ వింటూనే ఉన్నాను.

ఇంటిపేరు లేకుండా వచ్చినవాళ్ళ సంగతే ఎక్కువ రాయండి, మా పిల్లలకి పనికొచ్చేది అదే. థాచర్ తండ్రిది కిరాణా కొట్టు. జర్మనీని 2005 నుంచి 2021 దాకా నడిపిన మెర్కెల్ సైన్సు చదువుకుని ల్యాబులో ఉద్యోగం చేసుకునే మనిషి. అంత దూరం ఎందుకు, మన రాష్ట్రపతి ద్రౌపది ముర్ము గారు ఒడిశాలో సంతాలీ గిరిజన కుటుంబంలో పుట్టి, చదువయ్యాక ఇరిగేషన్ డిపార్ట్‌మెంట్‌లో జూనియర్ అసిస్టెంట్‌గా చేశారు, తర్వాత బళ్ళో పాఠాలు చెప్పారు, 1997లో రాయ్‌రంగ్‌పూర్ అనే చిన్న ఊళ్ళో కౌన్సిలర్‌గా గెలిచారు. అక్కణ్ణుంచి ఎమ్మెల్యే, మంత్రి, జార్ఖండ్ గవర్నరు, 2022 జులైలో రాష్ట్రపతి. కాలవలూ లాకులూ మీద బతికే మనకి ఇరిగేషన్ ఆఫీసులో జూనియర్ అసిస్టెంట్ అంటే ఎంత చిన్న ఉద్యోగమో బాగా తెలుసు. నేను ముఖ్యంగా చెప్పేది ఆ కౌన్సిలర్ మెట్టు గురించే. ఆ రోజు రాయ్‌రంగ్‌పూర్‌లో ఆవిడ బదులు ఆవిడ భర్త మీటింగులకి వెళ్ళుంటే ఈ రోజు రాష్ట్రపతి భవన్‌లో ఆవిడ ఉండేవారా చెప్పండి.

మన గోదావరి జిల్లాల్లోనే చూడండి, ఎంతో కాలం క్రితమే ఎలాంటి ఆడవాళ్ళు ఉన్నారో. ద్రాక్షారామం దువ్వూరి సుబ్బమ్మ గారు చిన్నప్పుడే భర్త పోయిన మనిషి, ఆ రోజుల్లో అలాంటివాళ్ళు గడప దాటితేనే తప్పు, ఆవిడ ఊరూరా తిరిగి సభల్లో మాట్లాడి సహాయ నిరాకరణ రోజుల్లో జైలుకెళ్ళారు. రాజమండ్రిలో పుట్టిన దుర్గాబాయి గారి సంగతి అందరికీ తెలిసిందే గానీ మళ్ళీ చెప్తాను, 1923లో కాకినాడ కాంగ్రెస్ సభలప్పుడు ఆవిడకి పద్నాలుగేళ్ళు, ఖద్దరు ఎగ్జిబిషన్ గేటు దగ్గర వాలంటీరుగా పెట్టారు, టికెట్ లేదని నెహ్రూ గారిని ఆపేసింది. టికెట్ కొన్నాకే లోపలికి వదిలింది. ఎనిమిదేళ్ళకే పెళ్ళి చేసేసిన పిల్ల, పెద్దయ్యాక ఆ పెళ్ళి వద్దని చెప్పేసి చదువుకుని లాయరై, రాజ్యాంగ సభలో కూర్చుని రాజ్యాంగం రాసినవాళ్ళలో ఒకరయ్యారు. అంత పెద్ద సభలో ఉన్న ఆడవాళ్ళు పదిహేను మంది. అధ్యక్షుడు లేనప్పుడు సభ నడిపే ప్యానెల్లో ఉన్న ఒకే ఒక్క ఆడమనిషి మన రాజమండ్రి మనిషి. ఇలాంటి నేల మీద ఇవాళ సర్పంచ్ గారు వంటింట్లో, సర్పంచ్ గారి భర్త స్టేజీ మీద. నాకైతే చాలా కోపం వస్తుందండి.

పంచాయతీలో డబ్బు ఎలా కదులుతుందో చాలామందికి తెలీదు కాబట్టి ఇది కొంచెం వివరంగా చెప్తాను. కేంద్రం నుంచి వచ్చే ఆర్థిక సంఘం నిధులు ఖర్చు పెట్టాలంటే ఆన్‌లైన్‌లో కార్యదర్శి డిజిటల్ సంతకం ఒకటి, సర్పంచ్ డిజిటల్ సంతకం ఒకటి, రెండూ పడాలి. ఆ సంతకం చిన్న పెన్‌డ్రైవ్ లాంటి దాంట్లో ఉంటుంది, డాంగిల్ అంటారు, దానికో పిన్ నంబరు. నాకు తెలిసిన ఒక ఊళ్ళో ఆ డాంగిల్ సర్పంచ్ గారి భర్త బైకు తాళాల గుత్తికి వేలాడుతూ ఉంటుంది, పిన్ కూడా ఆయనకే తెలుసు. మోటారు రిపేరుకి ఎంత రాశారో, బ్లీచింగ్ ఎన్ని బస్తాలు కొన్నారో, వీధి లైట్లు ఎక్కడ తెచ్చారో ఏదీ ఆవిడకి తెలీదు. రేపు ఆడిట్లో తేడా వచ్చిందంటే నోటీసు మాత్రం ఆవిడ పేరు మీదే వస్తుంది, కట్టమంటే కట్టాల్సింది ఆవిడే. ఆవిడ నా దగ్గరే జాకెట్లు కుట్టించుకుంటుంది, ఒకసారి అడిగాను, ఏమ్మా నువ్వు ఆఫీసుకి వెళ్ళవా అని. నేను వెళ్తే అక్కడ అందరూ నిలబడిపోతారక్కా, ఏదో చుట్టం వచ్చినట్టు, ఎవరూ మాట్లాడరు, మా ఆయన వచ్చాకే మళ్ళీ మాటలు మొదలవుతాయి అంది. మంచి తెలివైన పిల్ల, డిగ్రీ చదివింది.

ఆడవాళ్ళకి లెక్కలు తెలీవు అంటారు, అది శుద్ధ తప్పు. మా డ్వాక్రా గ్రూపుకి నేను లీడర్‌గా చేశాను, మా ఊళ్ళో గ్రూపులన్నీ కలిపి లక్షల్లో లోన్లు తెచ్చి నెలనెలా కడుతున్నారు, ఎవరు ఎంత బాకీయో పుస్తకం చూడకుండా చెప్తారు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు సారా కొట్టు మూయించారు, ఆ ఉద్యమం రాష్ట్రమంతా పాకి సారా నిషేధం వచ్చింది, 1995లో మొత్తం మద్యమే ఆపేశారు. చదువు రాని ఆడవాళ్ళు ప్రభుత్వం చేత పాలసీ మార్పించారండి. వీళ్ళకి ఒక ఊరి పంచాయతీ నడపడం రాదా.

అన్ని ఊళ్ళూ ఒకేలా లేవు, అది కూడా చెప్పాలి. మాకు రెండు ఊళ్ళ అవతల ఒక సర్పంచ్ ఉంది, పది చదివింది. గెలిచిన కొత్తలో ఆవిడ కూడా ఇంట్లోనే ఉండేది, వాళ్ళాయనే తిరిగేవాడు. ఒక ఎండాకాలం కాలవలు కట్టేసే రోజులు దగ్గర పడ్డాయి. ఈ ప్రాంతం వాళ్ళకి చెప్పక్కర్లేదు, కాలవ కట్టేసేలోపు ఊరి మంచినీళ్ళ చెరువు నింపుకోపోతే జూన్లో నీళ్ళు వదిలేదాకా నరకమే. ఆ ఏడాది పక్కనున్న రొయ్యల చెరువుల నీళ్ళు ఊరి చెరువులోకి దిగిపోయి నీళ్ళు ఉప్పగా అయిపోయాయి, నోట్లో పోసుకోలేకపోయారు. ఊళ్ళో ఆడవాళ్ళు బిందెలేసుకుని ఆవిడ ఇంటి ముందుకెళ్ళారు. రొయ్యల చెరువు వాళ్ళు వాళ్ళాయనకి బాగా కావలసినవాళ్ళు, అందుకని ఆయన ఏదో సర్ది చెప్పబోయాడంట. ఈవిడ చీర కుచ్చిళ్ళు దోపుకుని తిన్నగా చెరువు గట్టు మీదకెళ్ళి కుర్చీ వేయించుకుని కూర్చుంది, అక్కణ్ణుంచే ఊళ్ళ మంచినీళ్ళు చూసే ఆర్‌డబ్ల్యూఎస్ ఏఈకి ఫోన్, తర్వాత ఎంపీడీవోకి ఫోన్. కాలవ నీళ్ళు చూసే లస్కరుని పిలిపించి ఇంకా ఎన్నాళ్ళు నీళ్ళుంటాయని అడిగి, ఇంజన్లు పెట్టించి పాత నీళ్ళు తోడించి, గండి పడిన చోట మట్టి కొట్టించి, కాలవ కట్టేసే లోపు మళ్ళీ నింపించింది. రాత్రుళ్ళు కూడా గట్టు మీదే ఉంది, అన్నం వాళ్ళ అమ్మాయి తెచ్చిపెట్టేది. అప్పట్నుంచీ ఊళ్ళో ఏ పని పడినా జనం ఆవిణ్ణే అడుగుతున్నారు, వాళ్ళాయన కూడా మా ఆవిణ్ణి అడగండి అంటున్నాడు.

ఆ సంగతి ఏ పేపర్లోనైనా వచ్చిందా అంటే రాలేదండి. ఆ ఊరికి తాగునీటి ఇబ్బంది తప్పిందని రెండు లైన్లు వచ్చింది, అధికారులు స్పందించారని రాశారు. ఆవిడ పేరు లేదు. ఇప్పుడు ఆ సీటు రిజర్వేషన్ మారి జనరల్ అయితే ఆవిడ పని అయిపోయినట్టే, ఎందుకంటే జనరల్ అంటే మగాళ్ళ సీటు అని అందరూ అనేసుకుంటారు, జనరల్ సీట్లో ఆడవాళ్ళు పోటీ చెయ్యకూడదని ఏ చట్టంలోనూ లేదు, కానీ ఎవరూ నిలబెట్టరు. నేర్చుకున్న మనిషిని ఇంటికి పంపించేసి మళ్ళీ ఇంకో ఊళ్ళో ఇంకో కొత్త పిల్లని సంతకాలకి తెస్తారు. వంగా గీత గారు తూర్పు గోదావరి జడ్పీ ఛైర్‌పర్సన్‌గా చేసి, రాజ్యసభకెళ్ళి, పిఠాపురం ఎమ్మెల్యే అయ్యి, 2019లో కాకినాడ ఎంపీ అయ్యారు. ఏ పార్టీ అన్నది పక్కన పెట్టండి, జిల్లా పరిషత్తు మెట్టు ఎక్కనిస్తే పార్లమెంటు దాకా వెళ్తారని చెప్పడానికి రాశాను. అలాంటివాళ్ళని లెక్కపెట్టాలంటే ఒక చేతి వేళ్ళు చాలు. 2024లో మన రాష్ట్రం నుంచి గెలిచిన 25 మంది ఎంపీల్లో ఆడవాళ్ళు ముగ్గురు, దేశం మొత్తం 543లో 74 మంది. ఆంధ్రప్రదేశ్‌కి ఇంతవరకూ ఒక మహిళా ముఖ్యమంత్రి లేరు. ఉత్తరప్రదేశ్‌కి 1963లోనే సుచేతా కృపలానీ గారు ఉన్నారు.

చట్టసభల్లో ఆడవాళ్ళకి మూడో వంతు సీట్ల బిల్లు మొదటిసారి పార్లమెంటులో పెట్టింది 1996 సెప్టెంబర్లో. కోనసీమ వాళ్ళకి ఆ ఏడాది చెప్తే చాలు, నవంబర్లో తుఫాను వచ్చి కొబ్బరి చెట్లన్నీ కూల్చేసిన ఏడాది. ఆ చెట్ల గోతుల్లో పెట్టిన మొక్కలు పెరిగి కాపుకొచ్చి ఎన్నో ఏళ్ళు దింపులు కూడా తీసుకున్నాం, బిల్లు మాత్రం 2023 సెప్టెంబర్లో గానీ పాసవ్వలేదు. పాసైన చట్టంలో కూడా జనాభా లెక్కలు అవ్వాలి, ఆ తర్వాత నియోజకవర్గాల హద్దులు మార్చాలి, అప్పుడే అమలు అని రాసుకున్నారు. సరే, అమలయ్యిందే అనుకోండి, అప్పుడు నిలబడే ఆడవాళ్ళు ఎక్కణ్ణుంచి వస్తారు? ఇవాళ పంచాయతీలో, మండలంలో పని నేర్చుకున్నవాళ్ళు లేకపోతే అప్పుడు కూడా ఫలానా ఎమ్మెల్యే గారి భార్య, ఫలానా మంత్రి గారి కోడలు అనే లిస్టే వస్తుంది, ఆ డాంగిల్ కథే అసెంబ్లీలోనూ జరుగుతుంది.

ఇంకోటి, చీరల సంగతి. ఆర్థిక మంత్రి నిర్మలా సీతారామన్ గారి అత్తారిల్లు మన నరసాపురమే. ప్రతి ఏడాదీ బడ్జెట్ రోజు ఏ చీర కట్టారో ఫోటోలేసి రాస్తారు. 2024 జులై బడ్జెట్లో రొయ్యల మేత, చేపల మేత మీద కస్టమ్స్ సుంకం 5 శాతానికి తగ్గిస్తున్నామని ఆవిడ చదివారు. భీమవరం నుంచి అమలాపురం దాకా చెరువు గట్టు మీద ఉన్న ప్రతి మనిషికీ కావలసిన ముక్క అది. నేను ఆ మర్నాడు చూసిన పేపర్లో చీర అంచు గురించి పెద్ద బాక్స్ కట్టారు, మేత సంగతి ఎక్కడో అడుగున ఉంది. ఆ నిర్ణయం మంచిదో చాలదో తిట్టండి పొగడండి, మంత్రిగా ఆవిడ చేసింది రాయండి. మగ మంత్రులకి ఎవరూ పంచె అంచు కొలవలేదు కదా. అలాగే తణుకు దగ్గర వడ్లూరు మూలాలున్న అమ్మాయి భర్త అమెరికా వైస్ ప్రెసిడెంట్ అయ్యాడని రోజుల తరబడి రాశారు, సంతోషమే, ఉషా వాన్స్ గారు స్వయంగా పెద్ద చదువులు చదివిన లాయరు. కానీ ఒకరి భార్య అయినందుకు ఇంత చోటిచ్చిన పేపర్లు ఇక్కడ ఓట్లేయించుకుని గెలిచిన ఆడవాళ్ళకి అందులో పదో వంతైనా ఇవ్వొచ్చు కదండీ.

పిల్లలున్న ఆడవాళ్ళకి రాజకీయాలు ఎందుకంటారు. బేనజీర్ 1990లో ప్రధానిగా ఉండగానే బిడ్డని కన్నారు, న్యూజిలాండ్ ప్రధాని జసిండా ఆర్డెర్న్ 2018లో కన్నారు, ఆ చంటిపిల్లని ఐక్యరాజ్యసమితి సభకి కూడా తీసుకెళ్ళారు, మన పేపర్లన్నీ ముచ్చటగా వేశాయి. మా వైపు ఒక ఎంపీటీసీ అమ్మాయి మండల సర్వసభ్య సమావేశానికి చంటిపిల్లతో వస్తే ఆఫీసులో కూర్చోబెట్టడానికి చోటు లేదు, పిల్ల ఏడిస్తే అందరూ విసుక్కున్నారు, తర్వాత మీటింగు నుంచీ వాళ్ళ మావగారు రావడం మొదలుపెట్టారు. ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. ఓటేసినవాళ్ళం మనమే, మన ఎంపీటీసీ ఏదీ అని ఒక్కరం అడగలేదు.

ఈ భర్తల పెత్తనం సంగతి 2023లో సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది, కేంద్రం ఒక కమిటీ కూడా వేసింది. పై నుంచి జీవోలు ఎన్ని వచ్చినా ఊళ్ళో మారేది మాత్రం చూసేవాళ్ళు ఉన్నప్పుడే. చూసేవాళ్ళంటే మీ విలేకరులే, మండలానికి ఒకరున్నారు, ప్రతి ఊళ్ళో జనం వాళ్ళంటే భయపడతారు కూడా. భర్త మాట్లాడితే ఆయన్ని భర్త అనే రాయమనండి, సర్పంచ్ అని రాయొద్దనండి. గ్రామసభకి సర్పంచ్ రాకపోతే రాలేదని రాయమనండి, వచ్చి నాలుగు ముక్కలు మాట్లాడితే ఆ నాలుగు ముక్కలూ ఆవిడ మాటల్లోనే వెయ్యమనండి, మొదట్లో తడబడితే తడబడనివ్వండి.

మీ విలేకరుల ఫోన్లలో సర్పంచుల నంబర్లుంటాయి కదండీ. ఆడ సర్పంచ్ పేరుతో సేవ్ చేసుకున్న ప్రతి నంబరుకీ ఒకసారి ఫోన్ చేయించండి, ఎత్తింది మగ గొంతయితే ఆవిడ నంబరు అడిగి తీసుకుని పాతది తీసేయమనండి. మళ్ళీ పంచాయతీ ఎన్నికలయ్యి కొత్తవాళ్ళు వచ్చినప్పుడు మొదటి రోజే ఆ పని చెయ్యమనండి.

ఇట్లు,
ఒక పాఠకురాలు (పేరు వెయ్యొద్దండి)
రాజోలు మండలం, కోనసీమ జిల్లా